మా కుక్క పక్కటెముకలు

మా ఇంట్లో "లావు" అనే మాట అనకూడదు. ఇది అమ్మ పెట్టిన నియమం. ఎవరైనా కాస్త బరువెక్కితే "ఒళ్ళు చేసిండు" అనాలి. అదీ మెల్లగా, దిష్టి తగలకుండా, మొహం మీద చిరునవ్వు చెదరకుండా అనాలి. ఎవరైనా తగ్గితే మాత్రం ఇల్లంతా అల్లకల్లోలం. "చిక్కిపోయినవ్ బిడ్డా" అంటూ అమ్మ గొంతు బొంగురుపోతుంది. ఆ వెంటనే పెరుగన్నం గిన్నె మన చేతిలో ఉంటుంది. ఈ నియమం నాకూ మా ఆయనకూ వచ్చేపోయే చుట్టాలకూ ఎలా వర్తిస్తుందో మా కుక్కకూ అలాగే వర్తిస్తుంది. అందుకే అది లావైన సంగతి మేమెవరం గమనించలేదు. ఒళ్ళు చేస్తోందనుకుని సంతోషించాం.

కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో మూడంతస్తుల బిల్డింగులో మొదటి అంతస్తు మాది. అమ్మ, మా ఆయన, నేను, కుక్క. కుక్క లాబ్రడార్, గోధుమ రంగుది. తెచ్చిన కొత్తలో దానికి మా ఆయన బాగా ఆలోచించి ఒక పేరు పెట్టాడు. ఆ పేరు టీకాల కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. అమ్మకు అది "బిడ్డ", మా ఆయనకు "బాస్", నాకు చెప్పు కొరికిన రోజున ఇక్కడ రాయలేనిది.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉంది. మాది పోచంపల్లి దగ్గర మగ్గం ఆడిన ఇల్లు. మా నాన్న నేస్తే అమ్మ పడుగు పోగులు సరిచేసేది. అందువల్ల నాకు కాస్త పొగరు కూడా ఉంది. కళ్ళు మూసుకుని చీర కొసను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి పట్టో, నూలో, రెండూ కలిసిందో చెప్పేస్తాను. కొనడానికి వచ్చినవాళ్ళు ముచ్చటపడి తమ ఒంటి మీది చీర కొంగు కూడా అందించి చెప్పించుకుంటారు. ఇంత చెయ్యి ఉన్నదాన్ని, పొద్దునా సాయంత్రం నిమిరే కుక్క ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం కనిపెట్టలేకపోయాను.

ఈ కథలో అమ్మ మోకాలు కూడా ఉంది. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక రోజూ నడవాలని దవాఖానలో గట్టిగా చెప్పారు. అమ్మ తలూపి, ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంది. నేను బతిమాలాను, కోప్పడ్డాను, కొత్త చెప్పులు కొనిచ్చాను. ఏం చెప్పినా ఒకటే సమాధానం.

"ఊకె ఎవరు నడుస్తరే? పనుంటె నడుస్తరు గని."

నిజమే. జీవితంలో ఒక్కరోజు కూడా పనిలేకుండా నడిచిన మనిషి కాదు. అప్పుడు మా ఆయన ఉపాయం చేశాడు. సాయంత్రం కుక్కను తిప్పుకొచ్చే పని ఆమెకు అప్పగించాడు. తనకు ఆఫీసు నుంచి రావడం లేటవుతోందని అబద్ధం చెప్పాడు. అంతే, అమ్మ లేచింది. కుక్కను పట్టుకుని గుడిదాకా వెళ్ళడం, బయట అరుగు మీద కూర్చుని హనుమంతుడికి అక్కణ్ణించే దండం పెట్టుకోవడం, తెలిసినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి తిరిగిరావడం. ఆరు నెలల్లో ఆమె మోకాలు నా మోకాలి కంటే బాగా పనిచేయడం మొదలుపెట్టింది. ఇప్పటికీ తాను వ్యాయామం చేస్తున్నానని అమ్మ ఒప్పుకోదు. కుక్కను తిప్పుకొస్తున్నానంటుంది.

అలాంటిది, పోయినేడు వానాకాలం చివర ఒక సాయంత్రం కుక్క పూలకొట్టు ముందు రోడ్డు మధ్యలో కూర్చుండిపోయింది. అమ్మ లాగితే కదల్లేదు. వెనక కుడికాలు నేల మీద ఆనించకుండా పైకి పట్టుకుని, ఏదో తప్పు చేసినట్టు అమ్మ మొహంలోకి చూసిందట. చివరికి ఒక ఆటో అతను జాలిపడి ఇద్దర్నీ ఇంటి దగ్గర దింపాడు. మర్నాడు అది మెట్లు దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. అది దిగకపోతే అమ్మ కూడా దిగలేదు. వారం తిరిగేసరికి అమ్మ సోఫాలోంచి లేస్తూ గోడ పట్టుకోవడం చూశాను. కుక్క నడవకపోతే అమ్మ నడవదు. అమ్మ నడవకపోతే ఏమవుతుందో ఆపరేషన్ చేసిన డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక గల్లీలో కుక్కల డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు, చురుకైన కళ్ళు, ఎవర్నీ లెక్కచేయని మాట. ముగ్గురం కలిసి కుక్కను తీసుకెళ్ళాం. లోపలికి వెళ్ళగానే ఆమె దాన్ని నేల మీదున్న పెద్ద తూకం మిషన్ ఎక్కించింది. ముప్పై ఎనిమిది కిలోలు.

"బరువెక్కువ. దీనికి ముప్పై చాలు. వెనక మోకాలి లిగమెంట్ సాగింది. ఇంకా తెగలేదు, మీ అదృష్టం. బరువు తగ్గితే దానంతటదే సర్దుకుంటుంది. తగ్గకపోతే తెగుతుంది. అప్పుడు ఆపరేషనే," అంది.

ఆ తర్వాత మా ముగ్గురి వాదన మొదలైంది. మా ఆయన ఫోన్ తీసి, ఈ జాతికి బరువు ఎంతైనా ఉండొచ్చని ఎక్కడో చదివింది చూపించబోయాడు. అది చాలక, "దీనికి ఎముక పెద్దది మేడమ్" అన్నాడు. ఆయన నడుము సైజు గురించి నేను అడిగినప్పుడు కూడా ఇదే మాట చెబుతాడు. అమ్మ మాత్రం డాక్టరమ్మ వైపు కోపంగా చూస్తూ, "మంచిగనే ఉన్నది గద బిడ్డా, గిట్లనే ఉండాలె" అంది.

నేను నా విద్య ప్రదర్శించాను. కుక్క పక్కలో వేళ్ళు గట్టిగా అదిమి, "ఇగో, పక్కటెముకలు దొరుకుతున్నయ్ కదా డాక్టర్. లావుంటే దొరుకుతాయా?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "అట్లా నొక్కితే ఏనుగుకైనా దొరుకుతాయండీ. నొక్కకూడదు. వేళ్ళు చాచి ఊరికే ఆనించి నిమరాలి."

తర్వాత తన చెయ్యే చూపించి పాఠం చెప్పింది. పిడికిలి బిగించి దాని మీద ఎగుడుదిగుడుగా లేచే కణుపుల్ని తడిమితే ఎలా ఉంటుందో, కుక్క పక్కటెముకలు అలా తగిలితే అది బక్కచిక్కినట్టు. అరచేతి వైపు తడిమితే మెత్తగా ఉండి లోపలి ఎముక తెలియదే, అలా ఉంటే లావు. చెయ్యి చాచి వెనక వైపు తడిమితే పల్చటి చర్మం కింద ఎముకలు వరసగా తెలుస్తాయి. ఆరోగ్యమైన కుక్క అలా ఉండాలి. పై నుంచి చూస్తే పక్కటెముకల తర్వాత నడుము లోపలికి పోవాలి. పక్క నుంచి చూస్తే పొట్ట వెనక కాళ్ళ వైపు పైకి లేచి ఉండాలి. మేం ముగ్గురం లేచి నిలబడి మా కుక్కను పై నుంచి చూశాం. నడుము అన్న జాడ లేదు. గ్యాస్ సిలిండర్‌కు గోధుమ రంగు వేసి పడుకోబెట్టినట్టుంది.

"రోజూ ఏం తింటుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏం తింటది బిడ్డా? పిడికెడన్నం," అంది అమ్మ.

అది ఎవరి పిడికెడో హనుమంతుడికే తెలియాలి.

ఇంటికి రాగానే అమ్మ మొట్టమొదట చేసిన పని, కుక్కకు దిష్టి తీయడం. దవాఖానలో అందరి ముందూ "బరువెక్కువ" అని అంత గట్టిగా అన్నాక దిష్టి తగలకుండా ఉంటుందా? ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టి, కుక్క చుట్టూ తిప్పి, ఆ డాక్టరమ్మ కన్నూ మా కన్నూ వీధిలోవాళ్ళ కన్నూ అన్నీ పేరుపేరునా కలిపి తిట్టి, పొయ్యి మీద పెనంలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. మా ఆయన దగ్గుతూ బాల్కనీలోకి పరుగెత్తాడు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. కుక్క ఆపకుండా తుమ్మింది. వాటి మధ్యలో అమ్మ తాపీగా, "చూసినవా, ఘాటే రాలే. గంత దిష్టి ఉన్నది," అంది.

సరే, దిష్టి పోయింది కదా, ఇక నా పద్ధతి అని మొదలుపెట్టాను. కొలిచిన గిన్నెలో పూటకు ఇంత అని మేత. నెయ్యి బంద్, బిస్కెట్లు బంద్, చపాతీ బంద్. అమ్మతో ఒట్టు వేయించుకున్నాను. కొన్నాళ్ళయ్యాక కుక్కను మళ్ళీ ఎల్బీనగర్ తీసుకెళ్ళి తూకం ఎక్కిస్తే అర కిలో పెరిగింది. డాక్టరమ్మ నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఉతికితే రంగు పోదని చెప్పి అమ్మిన చీరను కొన్నామె తిరిగి తెచ్చినప్పుడు ఇలాగే చూస్తుంది.

నా అనుమానమంతా అమ్మ మీదే. "ఒట్టు, నేను పెడ్తలేనే," అంది అమ్మ. అబద్ధం చెబితే అమ్మ ముక్కు ఎర్రబడుతుంది. ఎర్రబడలేదు. మరి ఎక్కడి నుంచి వస్తోంది ఈ బరువు? ఒక శనివారం మా ఆయనతో ఆఫీసుకు సెలవు పెట్టించి, దుకాణం అప్పజెప్పి ఇంట్లోనే ఉండిపోయాను.

పొద్దున స్నానాల వేళ దాటగానే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. రెండో అంతస్తు మాస్టారు దిగి వస్తున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పిన మనిషి. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో నువ్వుల నూనె ఓడుతున్న రొట్టెలు, మధ్యలో బెల్లం ముక్క. నడవలేని మా కుక్క, మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. ఆ స్వాగతం చూస్తే చాలు, ఇది చాన్నాళ్ళుగా నడుస్తున్న వ్యవహారమని అర్థమైంది.

"ఏంది సార్ ఇది?" అన్నాను.

"ఏం లేదమ్మా. ఏలినాటి శని నడుస్తోంది. శనివారం కుక్కకి నూనె రాసిన రొట్టె పెట్టమన్నారు. మన బిల్డింగ్‌లో ఉన్నది ఇదొక్కటే కదా," అన్నారు మాస్టారు.

"మీరు ఫిజిక్స్ సార్ కదా?"

"ఫిజిక్స్ ఫిజిక్సే, శని శనేనమ్మా. దేని సిలబస్ దానిది," అన్నారు ఏమాత్రం తొణక్కుండా.

ఆరా తీస్తే ఇంకా తేలింది. కింది ఇంటివాళ్ళ అమ్మాయికి పెళ్ళి కుదరడం లేదు. వాళ్ళవీ శనివారం రొట్టెలే. పక్క బిల్డింగాయన దుకాణం సరిగా నడవడం లేదు. ఆయన మంగళవారం గుడిలో వడమాల వేయించి, అందులోంచి వడలు తెచ్చి పెడుతున్నాడు. చుట్టుపక్కల ఎవరి జాతకంలో ఏ గ్రహం మొరాయించినా ఆ బరువంతా మా కుక్క మోకాలి మీద పడుతోంది. అమ్మకు ఇవన్నీ తెలుసు. తాను పెట్టడం లేదని కదా ఒట్టు వేసింది, వాళ్ళు పెట్టడం లేదని కాదు.

నాకు ఒళ్ళు మండింది. మాస్టారు వెళ్ళేదాకా ఆగి అమ్మ మీద అరిచాను. "తిండి పెట్టి పెట్టి దాన్ని చంపుతున్నరు మీరంతా!" అన్నాను.

అమ్మ వెళ్ళి కుక్క పక్కన నేల మీద కూర్చుని దాని చెవి నిమిరింది. "పెట్టే చెయ్యిని ఎట్ల ఆపుతనే? పెడ్తలేనని ఒకలతోని అనిపించుకున్నదాన్ని," అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు చాలా కాలం మాకు నూలు దొరకలేదు. మగ్గం ఖాళీగా ఉండేది. ఇంట్లో గంజి, జొన్న గట్క. ఆ రోజుల్లో ఒక చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. అక్కడ పంక్తిలో నా జాకెట్టు పక్కకు జరిగితే, ఒకామె నా పక్కటెముకల మీద వేలితో గీసి, అందరూ వినేలా, "ఏందమ్మా, పిల్లకు తిండి పెడ్తలేవా?" అంది. ఆమె వేళాకోళానికే అంది. పంక్తిలో కొందరు నవ్వారు కూడా. అమ్మ ఆ పెళ్ళిలో ముద్ద ముట్టలేదు. మళ్ళీ నూలు వచ్చి మగ్గం ఆడిన నాటి నుంచి, అమ్మ చేతి కింద తిన్నవాళ్ళ ఎముక ఎవరికీ కనపడలేదు. నాకు ఇంత వయసొచ్చాక కూడా, దుకాణం నుంచి రాగానే అమ్మ చెయ్యి ముందు నా భుజం మీద పడి ఎముకను వెతుకుతుంది. అది ప్రేమ అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ప్రేమే. కానీ అందులో ఆ పంక్తి కూడా ఉందని ఆ శనివారమే తెలిసింది. అరిచినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. వెళ్ళి అమ్మ పక్కనే నేల మీద కూర్చున్నాను. కుక్క మా ఇద్దరి మధ్యలో దూరి, మాస్టారి బెల్లం అంటిన మూతితో ఇద్దరి చీరలూ పాడు చేసింది.

ఈసారి ఎల్బీనగర్‌కు అమ్మను మాత్రమే వెంటబెట్టుకుని వెళ్ళాను. రొట్టెల సంగతీ వడల సంగతీ డాక్టరమ్మకు ముందే ఫోన్‌లో చెప్పాను, అమ్మకు మాటలతో లాభం లేదు, చేత్తో చూపించమని కూడా. ఆ క్లినిక్‌లో ఒక కుక్క ఉంది. ఎవరో గాయంతో వదిలేసి పోతే బాగుచేసి డాక్టరమ్మ తన దగ్గరే ఉంచుకున్న ఊరకుక్క. చక్కగా నునుపు తేలి ఉంటుంది. డాక్టరమ్మ దాన్ని పిలిచి, అమ్మ చెయ్యి తీసుకుని దాని పక్క మీద ఆనించింది.

"నొక్కకండి అమ్మా. ఊరికే వేసి, తల వైపు నుంచి తోక వైపుకి నిమరండి."

అమ్మ నిమిరింది. ఒకసారి ఆగింది. మళ్ళీ నిమిరింది.

"పడుగు మీద చెయ్యి వేసినట్టా?" అని నన్నడిగింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను చెప్పాను. మగ్గం మీద సాగదీసి కట్టిన పోగుల్లో ఎక్కడ వదులుందో చూడాలంటే అరచెయ్యి గాలిలా ఆనించి జరపాలి. నొక్కితే పోగు తెగుతుంది. నేను బట్టను నలిపి చూసే దుకాణందాన్ని కాబట్టి కుక్కను కూడా నలిపాను. అమ్మ పోగులు చూసిన మనిషి.

"సరిగ్గా అంతే అమ్మా," అంది డాక్టరమ్మ సంబరంగా. "ఇప్పుడు మీ వాడి మీద వేయండి."

అమ్మ మా కుక్క మీద చెయ్యి వేసింది. అటు నిమిరింది, ఇటు నిమిరింది. మొహం మారిపోయింది.

"ఎముకలెటు పోయినయే?"

"ఎక్కడికీ పోలేదమ్మా. ఆ వడల కింద ఉన్నాయి," అంది డాక్టరమ్మ.

అమ్మ నవ్వలేదు. ఊరకుక్క వైపు చూపిస్తూ, "మరి దీనికి ఆకలైతలేదా?" అని అడిగింది. అది అమ్మ అసలు ప్రశ్న అని నాకు తెలుసు. డాక్టరమ్మ దానికి నవ్వకుండా జవాబు చెప్పింది. "లేదమ్మా. కడుపునిండా తింటుంది. ఎముక తగలడమంటే ఆకలి కాదు. కావలసినంత తిన్నదని. ఇంకోటి, కుక్కకి మీరు పెట్టే ముక్క ఎంతో తెలీదు. ఎన్నిసార్లు పెట్టారన్నదే తెలుసు. పెట్టాలనిపించినప్పుడల్లా గోరంత క్యారెట్ ముక్క పెట్టండి. దానికి సంతోషం, మీకు సంతోషం."

తిరుగు ప్రయాణంలో ఆటోలో అమ్మ ఒక చెయ్యి కుక్క మీద, ఇంకో చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది.

మరుసటి శనివారం నేను కావాలనే మళ్ళీ ఇంట్లో ఉన్నాను. మాస్టారు పళ్ళెంతో దిగారు. నేను నోరు విప్పేలోపు అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సారూ, ఒక మాటడుగుత, ఏమనుకోకుండ్రి. శనికి నల్లకుక్క కద? గిదేమో గోధుమ రంగున్నది. గిన్నొద్దులు పెట్టిన రొట్టెలు మరి ఎవరికి ముట్టినయో ఏమో."

మాస్టారి మొహం చూడాలి. ముప్పై ఏళ్ళు తప్పు సూత్రంతో లెక్కలు చేయించానని తెలిసినట్టు నిలబడిపోయారు. "నిజమే సుమండీ. నలుపే అన్నట్టు గుర్తు," అని గొణుక్కుంటూ, పళ్ళెంతో అటునుంచటే కిందికి దిగారు. ఇస్త్రీ బండి దగ్గర పడుకునే నల్ల వీధికుక్కకు ఆ పొద్దు జాతకం తిరిగింది. ఈ కబురు ఎలా పాకిందో గానీ, సాయంత్రానికి కింది ఇంటివాళ్ళ రొట్టెలూ అటే వెళ్ళాయి. మంగళవారం వడలు కూడా.

"అమ్మా, నిజంగ నల్లకుక్కకే పెట్టాల్నా?" అని అడిగాను లోపలికొచ్చాక.

"పెట్టాల్నంటరు. కాకపోయినా, గా నల్లదానికి ఆకలైతలేదా ఏంది?" అంది అమ్మ, ముక్కు కాస్త ఎర్రబడి.

అప్పటి నుంచి మా ఇంట్లో కొత్త కాపురం మొదలైంది. కొలిచిన మేత, క్యారెట్ ముక్కలు, కీరా ముక్కలు. మొదట్లో కుక్క క్యారెట్ ముక్కను నోట్లోకి తీసుకుని, మర్యాదగా చాప మీద పెట్టి, అసలుది ఎక్కడ అన్నట్టు చూసేది. ఆ చూపుకు మా ఆయన రెండుసార్లు కరిగిపోయి పట్టుబడ్డాడు. అమ్మ కరగలేదు. గుడి నుంచి ఎవరైనా ప్రసాదం వడ తెచ్చిస్తే, కుక్క కళ్ళలో పడకుండా గోడ వైపు తిరిగి గబగబా నమిలి మింగేది. డెబ్బై ఏళ్ళ మనిషి అలా దొంగతనంగా వడ తినడం చూస్తే నవ్వాగేది కాదు.

నడక కూడా మెల్లగా మొదలైంది. మొదట గేటు దాకా. ఆ తర్వాత మూల దాకా. పూలకొట్టు దాకా వెళ్ళిన రోజున అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది, దుకాణంలో నలుగురు ఆడవాళ్ళ ముందు నేను చీరలు వదిలేసి చప్పట్లు కొట్టాను. ప్రతి ఆదివారం పొద్దున అమ్మ కుక్కను నిలబెట్టి, కళ్ళు మూసుకుని, పక్కల మీద చెయ్యి జరిపి చూసేది. "ఇంకా లేవు." "ఒకటి తగిలినట్టే ఉన్నది." "అబ్బ, తగులుతున్నయే!" అలా తగిలిన రోజున నా చెయ్యి కూడా లాగి వేయించింది. పల్చటి దుప్పటి కింద చాపలోని ఈనెల్లా వరసగా తెలిశాయి. తర్వాత ఆ చెయ్యే నా నడుము మీద ఆనించి, "నీయి ఎప్పుడు దొరుకుతయో మరి," అంది. అమ్మ నోటి నుంచి ఆ మాట వినే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మా ఆయన సోఫాలో బొర్లాపడి నవ్వాడు. తన వంతు వచ్చేసరికి ఎముక పెద్దదని లేచి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం మొదట్లో డాక్టరమ్మ తూకం చూసి ముప్పై ఒకటి అని, ఇక గుడిదాకా వెళ్ళొచ్చని చెప్పింది. ఆ సాయంత్రం నేను కూడా దుకాణం తొందరగా కట్టేసి వాళ్ళతో వెళ్ళాను. కుక్క ముందు, అమ్మ మధ్యలో, నేను వెనక ఆయాసపడుతూ. అరుగు మీద అమ్మ ఎప్పటి చోటే కూర్చుని దండం పెట్టుకుంది. ఈసారి చాలాసేపు పెట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర మాస్టారి భార్య కూరగాయల సంచీతో నిలబడి ఉంది. చాన్నాళ్ళు కూతురి దగ్గర వైజాగ్‌లో ఉండి ఆ రోజే వచ్చింది. మా కుక్కను చూసి సంచీ కింద పెట్టేసింది.

"అయ్యయ్యో, ఇదేంటి అక్కయ్యగారూ! ఎంత బొద్దుగా ఉండేదండీ, ఇలా చిక్కిపోయిందేంటి? తిండి పెట్టట్లేదా ఏంటి, పాపం?"

ఆమె జాలితోనే అంది. కానీ అదే మాట. మళ్ళీ నలుగురూ తిరిగే చోట, వినపడేంత గట్టిగా. ఇప్పుడు అమ్మ లోపలికి వెళ్ళిపోతుంది, నెయ్యి డబ్బా బయటికొస్తుంది, ఇన్నాళ్ళ కష్టం ఈ ఒక్క మాటకు కొట్టుకుపోతుంది అనుకున్నాను. అమ్మ మొహంలో ఒక్క క్షణం ఆ పెళ్ళి పంక్తి కనపడింది కూడా. ఏదైనా అడ్డం చెబుదామని నేను ముందుకొచ్చాను.

అమ్మ కుక్క తాడు నా చేతిలో పెట్టింది. మాస్టారి భార్య చెయ్యి పట్టుకుని, వంగి, కుక్క పక్క మీద ఆనించింది.

"నొక్కకు చెల్లె. ఊకె వెయ్యి. తాకుతున్నయా?"

"తాకుతున్నాయండీ," అంది ఆమె అయోమయంగా.

"గట్లనే తాకాలె. పెడ్తున్న చెల్లె. దానికి ఎంత కావాలెనో గంత పెడ్తున్న."

అమ్మ ఆ మాట నలుగురికీ వినపడేంత గట్టిగానే అంది. నేను తాడు వదిలేశాను. కుక్క ఒక్క పరుగున మెట్లెక్కి, మలుపు దగ్గర నిలబడి, అమ్మ కోసం వెనక్కి తిరిగి చూసింది.

"ఒస్తున్న తియ్," అంది అమ్మ. గోడ పట్టుకోకుండానే మెట్లెక్కింది.